పండ్ల డబ్బాకు తొమ్మిది అంచెలు!

పండ్ల డబ్బా మూత తీయడానికి ఎంతసేపు పడుతుంది? మహా అయితే ఓ నిమిషం. హోవార్డ్ హ్యూస్ దగ్గర మాత్రం అదో యజ్ఞం! ముందు బల్ల సిద్ధం చేయాలి. డబ్బా కడగాలి, లేబుల్ ఊడేదాకా రుద్దాలి, ఆరబెట్టాలి. ఆనక చేతులు కడుక్కోవాలి... మొత్తం తొమ్మిది అంచెలు. అవన్నీ కాగితం మీద పెట్టించి మరీ పనివాళ్లకు ఇచ్చాడాయన.

అలాగని తెలివితక్కువవాడేం కాదు. 1938లో 91 గంటల్లో విమానంలో భూగోళాన్ని చుట్టొచ్చిన ఘనుడు. హాలీవుడ్ నిర్మాత, అమెరికా కుబేరుల్లో ఒకడు. అంతటివాడూ క్రిముల భయంతో హోటల్ గదుల్లో తలుపులేసుకుని బతికాడు. 1976లో ఆయన పోయాక, ఆ జీవితాన్ని తిరగేసిన మానసిక నిపుణులు ఆ బాధకు పెట్టిన పేరు ఓసీడీ... అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్.

మన ఇళ్లలో దీన్ని చాదస్తం అనేసి ఊరుకుంటాం. శుభ్రత ఇష్టమైనవాళ్లు ఇల్లు తుడుచుకుని హాయిగా కూర్చుంటారు. వీళ్లకా హాయి ఉండదు. చెయ్యి శుభ్రంగానే ఉందని తెలుసు. అయినా 'ఏమో, అంటుకుందేమో' అన్న ఆలోచన తొలిచేస్తుంది. కడిగితే కాసేపు ఊరట. మళ్లీ అదే పురుగు! కొందరికి తాళం, గ్యాస్ సిలిండర్... ఇంకొందరికి దేవుడి ముందు నిలబడితే పాడు ఆలోచనలు. వీళ్లు పాపం, ఎవరికీ చెప్పుకోలేరు.

హ్యూస్ పనివాళ్లు చెప్పిందల్లా చేశారు, జీతం కోసం. మనవాళ్లు ప్రేమకొద్దీ చేస్తారు. 'తాళం వేశావా?' అని పదిసార్లు అడిగితే పదిసార్లూ 'వేశానమ్మా' అంటారు. ఆ జవాబు కడుక్కున్న చెయ్యిలాంటిదే. కాసేపటికి పదకొండోసారి అడగాలనిపిస్తుంది.

ఈ గొలుసును తెంపే దారిని 1966లో విక్టర్ మేయర్ అనే మానసిక నిపుణుడు లండన్‌లో చూపించాడు. భయపడే వస్తువును ముట్టుకోనివ్వడం, కడుక్కోకుండా ఆగేలా చూడటం. కడగకపోయినా భయం దానంతటదే దిగుతుందని రోగికి అనుభవమవుతుంది. ఇప్పటికీ ప్రధాన చికిత్స ఇదే. ఇంట్లో బలవంతంగా కుళాయి కట్టేస్తే మాత్రం బెడిసికొడుతుంది. నిపుణుల దగ్గర, తేలిక భయంతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా చేయాలి. ఫ్లూవోక్సమిన్‌లాంటి మందులూ పనిచేస్తాయి కానీ రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. పది రోజులు మింగి మానేసేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

ఇంటివాళ్లకూ ఇందులో పాఠం ఉంటుంది. తాళం గురించి అడిగితే ఎన్నిసార్లు జవాబివ్వాలో, ఎప్పుడు ఆపాలో డాక్టర్ సమక్షంలోనే, రోగితో మాట్లాడుకుని ఖాయం చేసుకోవాలి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్కే ఉంది. అంత దూరం వెళ్లలేనివారు ముందుగా 2022లో మొదలైన టెలీ మానస్‌కు ఫోన్ చేయొచ్చు. నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు.