పాచిక చేతి మాట వింటుందా?

"అదృష్టం మీద ఆధారపడితే జూదం, సరే. నేర్పుతో గెలిస్తే అది జూదమెలా అవుతుంది?" విద్యావంతులైన యువకులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. కాసినోలలో ఆడే 'క్రాప్స్' అనే పాచికలాట ఈ వాదానికి ఒక ఆశ్రయం. చేయి సాధన చేసినవాడు పాచికలను తన ఇష్టానుసారం పడవేయగలడని చెప్పి, రుసుము పుచ్చుకొని శిక్షణనిచ్చేవారు అమెరికాలో ఉన్నారు. ఈ మాటలో నిజమెంతో ముందు పరిశీలించి, పిమ్మట ధర్మం సంగతి విచారిద్దాం.

రెండు పాచికలు 36 విధాలుగా పడతాయి. వాటిలో 6 విధాల మొత్తం ఏడవుతుంది. మరే సంఖ్యకూ ఇన్ని మార్గాలు లేవు. మొదటిసారి 7 గాని 11 గాని పడితే గెలుపు. 2, 3, 12 పడితే ఓటమి. వేరొక సంఖ్య పడితే, ఏడు రాకముందే ఆ సంఖ్య మరల పడాలి. ఈ పందెంలో సగటున 495 ఆటలకు ఆటగాడు 244 గెలిచి, 251 ఓడుతాడు. అనగా నూరు డాలర్ల పందేనికి సుమారు 1 డాలరు 41 సెంట్లు కాసినో వశమవుతుంది. చూడడానికి స్వల్పమే, కాని ఆట సాగినకొద్దీ ఆ స్వల్పమే మూలధనాన్ని తినివేస్తుంది.

శిక్షకుల సిద్ధాంతం ఇది: పాచికలను ప్రత్యేకంగా అమర్చి, ఒకే ఇరుసుకు బిగించిన చక్రాలవలె తిరిగేటట్లు మృదువుగా విసరాలి. అప్పుడు పక్క ముఖాలు పైకి రావు. ఒక్కొక్క పాచికకు నాలుగు ముఖాలే మిగులుతాయి. తగిన అమరికతో, మిగిలిన 16 విధాలలో ఏడు రెండు విధాలుగానే వస్తుంది. ఆరింట ఒక వంతు రావలసిన ఏడు ఎనిమిదింట ఒక వంతుకు తగ్గుతుంది. కాగితం మీద ఈ లెక్కలో దోషం లేదు.

దోషం బల్ల దగ్గర బయటపడుతుంది. పాచికలు ఎదుటి గోడకు తగలాలన్నది కాసినో నియమం. ఆ గోడకు చిన్న చిన్న పిరమిడ్ల వంటి రబ్బరు మొనలు ఉంటాయి. తగిలిన క్షణమే ఇరుసు చెదరిపోతుంది. పాచిక గమనాన్ని గణించిన పోలండు శాస్త్రజ్ఞులు 2012లో ప్రచురించిన పరిశోధన కూడా ఇదే సూచించింది: తక్కువగా ఎగిరిపడే పాచికపై ఆరంభస్థితి ప్రభావం కొంత నిలుస్తుంది, ఎన్నిసార్లు ఎగిరిపడితే అంతగా నశిస్తుంది.

ఈ విద్యను సమర్థించేవారు స్టాన్‌ఫర్డ్ వాంగ్ అనే జూద గ్రంథకర్త ప్రయోగాన్ని ఉదహరిస్తారు. 500 సార్లు విసరగా ఏడు 74 సార్లే పడింది; సగటున 83 పడాలి. అయితే ఏ నేర్పూ లేకుండా విసిరినా ఏడింట ఒక పర్యాయం అంత తక్కువ పడగలదు. దీనిని రుజువని ఎలా అనగలం? 2009లో అట్లాంటిక్ సిటీలో ఒక మహిళ వరుసగా 154 సార్లు పాచికలు విసిరి ప్రఖ్యాతి పొందింది. ఆమె సాధకురాలు కాదు. ఆ ఆటకు కొత్త!

మరొక సంగతి గమనార్హం. పాచికను దొర్లనీయక బల్ల మీద జార్చి కోరిన ముఖాన్ని నిలపడాన్ని నెవాడా రాష్ట్ర న్యాయస్థానం మోసంగా నిర్ణయించింది. పాచికలను అమర్చి విసరడాన్ని మాత్రం కాసినోలు సాధారణంగా సహిస్తాయి. నిజంగా పనిచేసే అదుపు నేరమయింది. అనుమతి గల అదుపు అదుపే కాదు.

ఇక ధర్మం సంగతి. దివ్యఖుర్ఆన్ అల్‌మాయిదా సూరాలో జూదాన్ని నిషేధిస్తూ తెలిపిన కారణాలు పరస్పర విరోధం, ద్వేషం, దైవస్మరణకూ నమాజుకూ ఆటంకం. చేతికి నేర్పున్నంత మాత్రాన వీటిలో ఏ ఒక్కటీ తొలగదు. విలువిద్యలో, గుర్రపు పరుగులో బహుమతిని షరీఅత్ షరతులతో అనుమతించింది. పాచికలాటను దైవప్రవక్త (స) వారించారు. కనుక రేపు ఎవరైనా ఈ నేర్పును నిరూపించినా, ఒకరి నష్టమే మరొకరి లాభమైన ఆ ధనం హలాల్ సంపాదన కాజాలదు.

నేర్పు వాదం మన ప్రాంతానికీ తెలిసినదే. ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన ఒక కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నేర్పుతో కూడిన ఆటగా పేర్కొంది. ఆ మాటనే పెట్టుబడిగా చేసుకొని ఆన్‌లైన్ రమ్మీ మన ఇళ్లలోని ఫోన్లలోకి ప్రవేశించింది. చివరకు 2025లో పార్లమెంటు, నేర్పైనా అదృష్టమైనా సరే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేయవలసి వచ్చింది.

ఓడినవాడు తనది దురదృష్టమని అనుకుంటే బల్ల విడిచి లేస్తాడు. నేర్పు చాలలేదని అనుకుంటే మరల కూర్చుంటాడు. అతనిని నాశనం చేసేది ఆ రెండవ తలంపే. మీ ఇంటి బిడ్డ తనకొక ఉపాయం పట్టుబడిందని చెప్పిననాడు కోపగించకండి. పెట్టిన ప్రతి పందెం, పోయిన ప్రతి రూపాయి పుస్తకంలో వ్రాయమనండి. గెలుపులను జ్ఞాపకం దాచుకుంటుంది, ఓటములను మరచిపోతుంది. పుస్తకం రెండింటినీ దాస్తుంది.