ఆకు రాల్చాకే పూసే మోదుగ

కోరుట్ల నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "ఫాల్గుణం వచ్చేసరికి చెరువులు అడుగంటుతాయి. మోదుగ చెట్టుకు ఒంటి మీద ఆకైనా ఉండదు. మరి అన్ని పూలు పూయడానికి దానికి నీళ్లెక్కడివి?" ఉత్తరం చదివాక ఈ నెలకు అనుకున్న వ్యాసాన్ని పక్కన పెట్టేశాను.

ముందు చెట్లను చూసే దారి చెప్పేస్తాను. సిరిసిల్ల నుంచి వేములవాడ, అక్కడి నుంచి రుద్రంగి, కథలాపూర్ మీదుగా కోరుట్ల. కోరుట్లలో 63వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే జగిత్యాల. తిరుగు ప్రయాణంలో కొండగట్టు, కొడిమ్యాల వైపు అడవులు. ఫిబ్రవరి చివరి నుంచి హోలీ దాటేదాకా గుట్టల అంచుల్లో, బీళ్లలో, పొలం గట్ల మీద మోదుగ ఎర్రగా కనిపిస్తుంది. మధ్యమధ్య బూరుగ, పసుపుపచ్చని కొండగోగు. తరువాత ఇప్ప, ఎండలు ముదిరాక రేల. దీనికి టికెట్టు పెట్టిన పార్కు అక్కర్లేదు.

ఇక అసలు సంగతి. వేళ్లు నీళ్లు తాగుతాయని బడిలో చదువుకున్నాం. కానీ ఆ నీటిని పైకి లాగేది ఆకు. ఆకు రంధ్రాల నుంచి ఆవిరి బయటికి పోతున్నకొద్దీ ఆ లాగుడు కాండంలోని సన్నని నాళాల వెంట వేరు కొసదాకా అందుతుంది. చలికాలం వెళ్లేసరికి నేల పైపొరలు ఎండిపోతాయి. ఆకు మాత్రం లాగడం పూర్తిగా మానదు, అడిగినంత ఇవ్వడం వేరుకు చేతకాదు. ఆ లోటును కాండమే పూడ్చాలి. తన కణాల్లో దాచిన నీటిని ఆకుకు ఇచ్చేస్తూ అది సన్నబడిపోతుంది. కాండం చుట్టూ కొలత పట్టీ బిగించి పెడితే ఈ చిక్కిపోవడం అంకెల్లోనే కనిపిస్తుంది.

అప్పుడు చెట్టు ఆకులు రాలుస్తుంది. ఎలా రాలుస్తుందన్నది వేరే కథే గాని, చెప్పకుండా ఉండలేను. 19వ శతాబ్దపు ఐరోపా నగరాల్లో వీధి దీపాలు గ్యాసుతో వెలిగేవి. గొట్టాలు కారిన చోట చెట్లు అకాలంలో ఆకులు రాల్చేసేవి. అది ఏదో విషవాయువు పనేనని అనుకున్నారు. 1901లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దిమిత్రీ నెల్యుబోవ్ అనే యువకుడు, ఆ గ్యాసులో మొక్కల మీద పనిచేస్తున్నది ఎథిలీన్ అని పట్టుకున్నాడు. ఆ ఎథిలీన్‌ను మొక్కలే స్వయంగా తయారు చేసుకుంటాయని 1934లో తేలింది. 1960లలో మరో పొరపాటు జరిగింది. పత్తి కాయల నుంచి వేరుచేసిన అబ్సిసిక్ ఆమ్లమే రాలడానికి కారణమని నమ్మారు. నిజానికి దాని ముఖ్యమైన పని, నీటి ఎద్దడిలో ఆకు రంధ్రాలను మూయించడం. తొడిమ మొదట్లో కణాల పొరను వదులుచేసి ఆకును రాల్చే పనిలో పెద్ద చెయ్యి ఎథిలీన్‌దే.

ఆకులన్నీ రాలాక పైనుంచి లాగేది ఉండదు. లోతుకు దిగిన వేళ్లు మాత్రం అడుగు పొరల తేమను కొంచెం కొంచెంగా అందిస్తూనే ఉంటాయి. ఆ నీరు ఇప్పుడు గాలిలో కలిసిపోదు, కాండంలోనే చేరుతుంది. బయట ఎండ ముదురుతుంటే లోపల చెట్టు నీటితో నిండుతూ ఉంటుంది! మొగ్గలోని కణాలు చాలావరకు ముందే సిద్ధమై ఉంటాయి. పువ్వు విచ్చుకోవడమంటే ఆ కణాలు నీటితో ఉబ్బడమే. పొలంలో చదునుగా పడున్న పైపులోకి మోటారు నీళ్లు వదిలితే అది లేచి బిగుసుకుంటుంది కదా, రేకుల్లో జరిగేదీ అదే.

దీన్ని ఓపికగా కొలిచి చూపించినవారిలో రోల్ఫ్ బోర్చెర్ట్ అనే శాస్త్రవేత్త ముఖ్యుడు. కోస్టారికాలోని ఎండు అడవుల్లో పనిచేసి, 1984లో పీటర్ రైక్‌తో కలిసి ఒక పరిశోధన, 1994లో మరికొన్ని ప్రచురించాడు. ఎండాకాలంలో ఆకు రాల్చిన చెట్ల మొదళ్లకు నీళ్లు పట్టి చూస్తే ముందు కాండం నిండింది, ఆ తరువాతే మొగ్గ కదిలింది. మోడుగా నిలిచిన చెట్టు నిద్రపోతోందని, వాన పడితేగాని లేవదని అంతకుముందు చాలామంది అనుకున్నారు. మంచు దేశాల చలికాలపు చెట్లను చూసిన కంటితో మన ఎండలను చూస్తే అంతే అనిపిస్తుంది. ఎండు అడవుల చెట్లలో కొన్నింటికి వాన చుక్క లేకుండానే పగటి పొద్దు పెరగడమే చిగురు వేయడానికి సంకేతమని 2002లో బోర్చెర్ట్ బృందమే చూపించింది. జగిత్యాల అక్షాంశంలో అతి పొడవైన పగటికీ అతి చిన్న పగటికీ తేడా సుమారు రెండుంపావు గంటలు. చెట్టుకు అది చాలా పెద్ద తేడా.

ఆకులు లేకపోవడంలో మరో లాభం ఉంది. పూలు దూరం నుంచే పక్షుల కంటబడతాయి. 2003లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన టాండన్, శివణ్ణ, మోహన్‌రామ్ మోదుగ దగ్గర కాపువేసి గమనించారు. ఏడు జాతుల పక్షులు వాలాయి. వాటిలో పరపరాగ సంపర్కం నిజంగా జరిపించింది ఊదారంగు తేనెపిట్ట ఒక్కటే. ఉడుత కూడా కొంత తోడ్పడింది. మిగిలినవన్నీ తేనె తాగి పోయినవే. చిలక ముక్కులా వంగిన రేకు లోపలే పుప్పొడి ఉంటుంది. తేనెపిట్ట ఆ రేకును నొక్కి తేనె తాగుతున్నప్పుడు పుప్పొడి దాని ఒంటికి అంటుకుని పక్క చెట్టుకు చేరుతుంది.

ఇంత చెప్పాక కూడా "దీంతో ఉపయోగం ఏమిటి?" అని అడిగేవాళ్లున్నారు. విస్తరాకులు, లక్క, హోలీ రంగు అని చెప్పగలను గాని, ఆ ప్రశ్నే నాకు నచ్చదు. వానకాలం దాకా ఆగకుండా, నీళ్లు కరువైన నెలలో నీటిని దాచుకుని పూసే చెట్టును అర్థం చేసుకోవడమే పెద్ద లాభం. రోడ్ల వెంట ఎక్కడిదో కోనోకార్పస్ చెట్టును తెచ్చి నాటే బదులు మోదుగ గింజలు వేసి ఉంటే బాగుండేది.

వెళ్లేవాళ్లు ఎండెక్కక ముందే, పొద్దున పది లోపు చేరుకోండి. తేనెపిట్టలు అప్పుడే ఎక్కువగా తిరుగుతాయి. కొమ్మలు విరవకండి. హోలీ రంగుకు కింద రాలిన పూలు చాలు. వాటిని నీళ్లలో మరిగించి కాస్త సున్నం కలిపితే రంగు ముదురుతుంది.