ముఖము మారిన వీరుడు

పాతబస్తీలో లాల్ దర్వాజాకు సమీపమున, చార్మినారునుండి శాలిబండ మీదుగా పోవు త్రోవకు ప్రక్కసందులో, మా స్నేహితురాలి యిల్లు కలదు. ఆషాఢమాసమున బోనాలకు ఆమె మమ్ము పిలుచుటయు, మేము పోవుటయు చిరకాలముగా జరుగుచున్నది. ఆ యింట రెండే గదులు. ముందర నొక చిన్న వసారా. వసారాలో గోడకు టెలివిజను. దాని ముందు కూర్చుండి యొక పిల్లవాడు వేసిన ప్రశ్న యీ వ్యాసమునకు మూలమైనది. నాటకములో నొక పాత్రకు ముఖము మారినపుడు ముందటి మనిషి యేమయ్యెనని మాత్రమే వాడడిగెను. కాని యా యింటి పరిస్థితి నెఱిగిన వారికి అది చిన్న ప్రశ్నగా దోపదు.

మా స్నేహితురాలి పెద్దకోడలు 2018వ సంవత్సరమున కన్నుమూసినది. అప్పటికి పిల్లవానికి ఆరేండ్లు. రెండేండ్లు నాయనమ్మయే వానిని సాకెను. 2020 మాఘమాసమున తండ్రి మరల వివాహము చేసికొనెను. వచ్చిన పిల్ల నల్లగొండ ప్రాంతమునకు చెందినది; నెమ్మదస్తురాలు. ఆమె కాపురమునకు వచ్చి రెండు నెలలైనను నిండకముందే దేశమంతటను తలుపులు మూతపడెను. బడి లేదు, బజారు లేదు. ఆ రెండు గదులలో నలుగురు మనుష్యులు రాత్రింబవళ్లు ఒకరి ముఖము నొకరు చూచుకొనుచు ఉండవలసి వచ్చెను. పిల్లవాడు ఆమెను ఏ వరుసతోను పిలువడు. ఆమె వడ్డించిన కంచము ముందు కూర్చుండడు. నాయనమ్మ, "అమ్మా అని పిలువురా" యని దినమునకు పదిమార్లు చెప్పుచుండెను. చెప్పిన కొలదియు వాడు బిగిసికొనిపోవుచుండెను.

ఆ యేప్రిలు మాసముననే దూరదర్శనమువారు శక్తిమాన్ నాటకమును మరల చూప నారంభించిరి. ఈ పేరు మన సోదరీమణులలో పెక్కురకు పరిచితమే. 1997 సెప్టెంబరులో మొదలై 2005 మార్చివరకు సాగిన యీ హిందీ ధారావాహిక, ఆనాటి పిల్లలను ఆదివారపు మధ్యాహ్నములందు వీధులనుండి ఇండ్లలోనికి రప్పించినది. అంతకుముందు మహాభారతమున భీష్ముడుగా పేరొందిన ముఖేష్ ఖన్నా ఇందు శక్తిమాన్. సామాన్యముగా గంగాధరుడను వెఱ్ఱిబాగుల ఛాయాచిత్రకారుడై తిరుగుచు, ఆపద కలిగినపుడు గిరగిర తిరిగి వీరుడై యవతరించును. అతని గుణగణములను లోకమునకు చాటునది గీతా విశ్వాస్ అను పత్రికా విలేఖరి. తొలుత కీటూ గిద్వానీ యను నటి గీత వేషము ధరించెను. పిమ్మట ఆ వేషము వైష్ణవీ మహంత్‌కు సంక్రమించెను. ఈ వైష్ణవి బాల్యములో పెద్దభాగము మన హైదరాబాదులోనే గడపినదట. నేడు చాలమంది జ్ఞాపకమున నిలిచియున్న గీత యీమెయే.

తండ్రి తాను చిన్ననాడు చూచిన నాటకమని ముచ్చటపడి కుమారునికి చూపించుచుండెను. ఒకనాడు గీత ముఖము మారినది. కథలోని వారెవ్వరును ఆశ్చర్యపడలేదు. గంగాధరుడు ఎప్పటివలెనే పలుకరించెను. పిల్లవాడు మాత్రము లేచి నిలుచుండెను.

"నాయనమ్మా, గీత యేది? ఈమె గీత కాదు గదా?"

"గీతనే రా. జుట్టు తీరు మార్చుకున్నది."

"అబద్ధం. ముఖమే వేరున్నది. అందరు ఈమెనే గీత అంటున్నరు. ముందటి ఆమె యేడ వోయిందని ఒక్కలు గూడ అడుగుతలేరు."

ఆ మాటకు తండ్రి తలవంచుకొనెను. నాయనమ్మకు నోట మాట రాలేదు. అప్పుడు వంటయింటి గడపవద్దనుండి కొత్తకోడలు మెల్లగా ననెను: "నువ్వన్నదే నిజం. ఈమె వేరే మనిషి. ముందటి ఆమె పేరు వేరు, ఈమె పేరు వేరు. ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలె గనుక ఈమె వచ్చింది. ముందటి ఆమెను నువ్వు యాది పెట్టుకో. ఈమె యేమనుకోదు."

ఇంటికి వచ్చిన నాటినుండి ఆమె వానితో పలికిన మాటలలో నింత దీర్ఘమైనది లేదని మా స్నేహితురాలు చెప్పినది. పిల్లవాడు బదులు చెప్పలేదు. కాని కూర్చుండి కడవరకు చూచెను.

ఈ వృత్తాంతము విన్నప్పటినుండి మాకొక యాలోచన కలిగినది. పాత్రధారి మారుట నాటకములకు తప్పనిది. నటులు రోగగ్రస్తులగుదురు, వేఱొక పనికి పోవుదురు, బాలనటులైనచో చూచుచుండగనే యెదిగిపోవుదురు. కాని ఆ మార్పును చూపరులకు చెప్పు విధములు పెక్కులు కలవు.

మొదటిది ఏమియు చెప్పకుండుట. అమెరికాలో 1988లో సూపర్‌బాయ్ అను నాటకము టెలివిజనులో మొదలయ్యెను. సూపర్‌మాన్ యొక్క యౌవనారంభపు కథ అది. మొదటి సంవత్సరము జాన్ హేమ్స్ న్యూటన్ అను యువకుడు వీరుడు. 1989లో నాటకము రెండవ భాగముగా తిరిగి వచ్చునప్పటికి, అదే పేరు, అదే దుస్తులు. లోపలి మనిషి మాత్రము జెరార్డ్ క్రిస్టఫర్. 1992లో కథ ముగియువరకు అతడే వీరుడు. మన గీతా విశ్వాస్ విషయమున జరిగినదియు నిదియే. పెద్దలు దీనిని సరిపెట్టుకొందురు. పిల్లలు సరిపెట్టుకొనలేరు.

రెండవ విధము కథలోనే కారణము కల్పించుట. ఆంగ్లదేశమున బీబీసీ వారు 1963లో ఆరంభించిన డాక్టర్ హూ అను నాటకమున నాయకుడు విలియం హార్ట్‌నెల్. మూడేండ్లకు అతని యారోగ్యము క్షీణించెను. నాటకము నిలుపుటకు మనసొప్పక, ఆ నాయకుడు మానవుడు కాడు గనుక జీర్ణమైన దేహమును విడిచి క్రొత్త దేహమును దాల్చగలడని కల్పించి, 1966లో పాట్రిక్ ట్రౌటన్ అను వేఱొక నటుని ప్రవేశపెట్టిరి. ఆనాటి యవసరమునకై పుట్టిన యుపాయము ఆ కథకు ప్రాణమైనది. పిమ్మట ఎందఱో నటులు ఆ వేషమును ధరించిరి.

మూడవ విధము మన దేశపు బాల్‌వీర్ కథలో కనబడును. 2012 అక్టోబరులో సబ్ టీవీలో నిది మొదలయ్యెను. పరీలోకమున పెరిగిన మానవబాలుడు పిల్లల నాపదలనుండి కాపాడుట యిందలి కథ. దేవ్ జోషి యను బాలుడు పండ్రెండేండ్లు నిండకముందే యీ వేషము ధరించి, 2016 చివరవరకు వేయికి పైగా భాగములలో నటించెను. పాతబస్తీలో ఉర్దూ మాటలాడు ఇండ్లలోను, తెలుగు మాటలాడు ఇండ్లలోను పిల్లలకు ఈ హిందీ సమానముగ అర్థమగును గనుక, ఒకే సందులో అన్ని యిండ్లనుండియు ఒకే పాట వినబడుచుండెడిదని మా స్నేహితురాలు చెప్పును. 2019 సెప్టెంబరులో ఆ నాటకము బాల్‌వీర్ రిటర్న్స్ అను పేర తిరిగి వచ్చునప్పటికి, బాలవీరుడు బాలుడు కాడు, పదునెనిమిదేండ్ల యువకుడు. అప్పుడు కథకులు అతనిని తొలగింపలేదు. అతని శక్తులకు వారసుడుగా వివాన్ అను క్రొత్త బాలుని తెచ్చిరి. వంశ్ సయానీ యా వేషము ధరించెను. వివాన్ తన పేరుతోనే వచ్చెను. పెద్దవాడు దగ్గఱ నిలిచి విద్యలు నేర్పెను. ఇద్దఱు నొకేసారి మన కన్నుల ముందుండిరి.

నాలుగవ విధము మన తెలుగు దేశపుది; అన్నిటికంటె పాతది. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధతో ఆరంభించిన సురభి నాటక సమాజము కుటుంబముగనే పెరిగినది. మా స్నేహితురాలు బాల్యమున బాలనాగమ్మ నాటకము చూచినదట. మాయల ఫకీరు చెఱలోనున్న తల్లిని విడిపించుటకు ఏడు సముద్రములు దాటిపోవు బాలవర్ధిరాజుకంటె గొప్ప బాలవీరుడు ఏ దేశపు కథలో నుండును? ఆ బాలుని వేషమును ఒక సంవత్సరము కట్టిన చిన్నది, ఎదిగిన పిమ్మట బాలనాగమ్మయే యగును. ఆ చిన్నదాని చెల్లెలో, బిడ్డయో బాలవర్ధి యగును. చూపరులకు ఇది రహస్యము కాదు. నిరుడు ఎవరు వేసిరో, ఈయేడు ఎవరు వేయుచున్నారో తెలిసియే చూతురు. తెలిసియే కంట నీరు పెట్టుకొందురు. వేషము నిలుచును, ధరించువారు మారుదురు, ముందటివారి పేరు మరుగున పడదు.

ఇక మన పిల్లవాని సంగతి. 2020 మార్చిలో నాటకముల చిత్రీకరణ మంతయు నిలిచిపోగా, బాల్‌వీర్ రిటర్న్స్ కూడ ఆగిపోయెను. వర్షాకాలమున అది మరల ఆరంభమైనపుడు వాడు ఆసక్తితో చూడసాగెను. వివాన్ వానికి నచ్చినాడు. ఎందుకు నచ్చినాడని తండ్రి యడుగగా, "వాడు పెద్ద బాల్‌వీర్‌ను పొమ్మనలేదు" అని చెప్పెనట.

ఆ సంవత్సరము బోనాలకు ఊరేగింపులు లేవు. ఎవరి యింట వారే బోనము చేసికొనవలసినదిగా ప్రభుత్వమువారు కోరిరి. 1908 మూసీ వరదనాటి కథలు చెప్పుకొను లాల్ దర్వాజా సింహవాహిని అమ్మవారి సన్నిధి వీధులు కూడ ఆనాడు బోసిపోయెను. ఆ యింట బోనమెత్తుట చనిపోయిన కోడలి వంతుగా నుండెడిది. నాయనమ్మకు మోకాళ్లు సహకరింపవు. కొత్తకోడలు తెల్లవారుజామున తలంటుకొని, పాలు బెల్లము వేసి అన్నము వండి, కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టినది. పిమ్మట గోడమీదనున్న పటము వద్దకు పోయి, ఆ పటమునకును బొట్టు పెట్టి, మల్లెదండ వేసి, ఒక్క నిమిషము చేతులు జోడించి నిలుచున్నది. పిల్లవాడు వసారాలోనుండి చూచుచుండెను. ఆమె కుండ చుట్టు కట్టుటకు వేపమండల కోసము వెదకుచుండగా, వాడు వచ్చి, "చిన్నమ్మా, మండలు నేను కడ్త" అనెను.

అమ్మా అని పిలువలేదు. నాయనమ్మ ఏదో చెప్పబోగా కోడలు కనుసైగతో వారించినది. ఆమెకు ఆ పిలుపు చాలును.

సోదరీమణులారా! మన యిండ్లలో మేనత్తలు, పినతల్లులు, మారుతల్లులు, మామ్మలు ఒకరి స్థానమున నొకరు నిలిచి పిల్లలను పెంచుట క్రొత్త కాదు. అట్టి సమయములందు మనము దయతోనే యైనను మొదటి విధమును అవలంబించుచున్నాము. ముందటి ముఖము సంగతి యెత్తము. పటము లోపల దాచివేయుదుము. "ఈమెయే మీ అమ్మ" యని పిల్లల నోట పలికింప జూతుము. పిల్లలకు కన్నులున్నవి. తాము చూచినది అబద్ధమని పెద్దలందఱు కలిసి చెప్పుచుండగా, ఆ క్రొత్తమనిషిని నమ్ముట వారికెట్లు సాధ్యమగును? వచ్చిన యామెకు ఆమె పేరు, ఆమె వరుస నుండనిండు. పోయిన యామె పటము గోడమీదనే యుండనిండు. ఆమె వండిన కూర, పాడిన పాట, కోపపడిన తీరు పిల్లలముందు మాటలాడుకొనుడు. క్రొత్తగా వచ్చిన యిల్లాలికి ఇది మొదట కష్టముగ దోచును. ఆమె కష్టమునకును ఇంటిలో నొకరు చెవి యొగ్గవలెను. మా స్నేహితురాలు ఆలస్యముగనైనను కోడలిని కూర్చుండబెట్టుకొని యా పని చేసినది.

నాటకము విషయమున కూడ నిజము చెప్పుటయే మేలు. ఆకాశమున ఎగురునట్లు కనబడుట యంత్రముల నేర్పు అనియు, దుస్తుల లోపల నున్నవాడు జీతమునకు పనిచేయు మనిషి యనియు తెలిసిన పిల్లవాడు మెడకు తువాలు కట్టుకొని పిట్టగోడ యెక్కడు. శక్తిమాన్ నాటకమువారే కథ చివర పిల్లలకు నీతులు చెప్పుచు, తమ్ము అనుకరింపవలదని హెచ్చరింపవలసి వచ్చెను. వేషము వేషమని తెలిసినంత మాత్రమున పిల్లలకు ఆనందము తగ్గదు. సురభివారి యెదుట కూర్చుండిన మన తల్లులకు తగ్గలేదు.

ఇటీవల మేము పోయినపుడు ఆ పిల్లవానికి మీసకట్టు నూనూగుగా కనబడుచుండెను. వాని శ్రద్ధ ఇప్పుడు క్రికెట్టు మీద. 2023లో బాల్‌వీర్ మూడవ భాగము వచ్చినదని మేము చెప్పగా నవ్వి ఊరుకొనెను. అంతలో వంటయింటినుండి పిలుపు వినబడగా, "వస్తున్న చిన్నమ్మా" అని వేపమండలు తీసికొని లోపలికి పోయెను. గోడమీద పటమునకు ఆనాటి మల్లెదండ వేసియే యుండెను.