నెల తప్పితే ఏం చేయాలి?



"ఈ నెల ముట్టు కాలేదు" అన్న మాట ఒక్కో ఇంట్లో ఒక్కో రకంగా వినబడుతుంది. పిల్లల కోసం ఎదురుచూసే ఇంట్లో అది తీపి కబురు. ఇప్పటికే ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో గుండె గుభేలుమంటుంది. భర్త ఆపరేషన్ చేయించుకున్న ఇంట్లోనైతే లేనిపోని అనుమానాలు పుడతాయి. నెల తప్పడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిని భార్యాభర్తలిద్దరూ తెలుసుకుంటే భయమూ తగ్గుతుంది, ప్రమాదమూ తప్పుతుంది.

ముట్టు ఎందుకు వస్తుంది?

నారు పోయడానికి రైతు ముందుగానే మడి దమ్ము చేసి ఉంచుకుంటాడు కదా! స్త్రీ శరీరం కూడా నెలనెలా అట్లాగే సిద్ధమవుతుంది. మెదడు అడుగున ఉండే ఒక చిన్న గ్రంథి అండాశయాలను మేల్కొలుపుతుంది. అండాశయంలో ఒక అండం పండుతుంది. ఆ సమయంలోనే గర్భసంచి లోపల మెత్తని పొర ఒకటి పెరుగుతుంది. అండం పురుషబీజంతో కలిస్తే ఆ పొరలో నాటుకుని గర్భం అవుతుంది. కలవకపోతే ఇక ఆ పొరతో పనిలేదు. అది రక్తంతో కలిసి బయటకు వస్తుంది. అదే బహిష్టు. అందులో మైలగానీ దోషంగానీ ఏమీ లేదు.

సాధారణంగా ఒక ముట్టు మొదలైన నాటినుంచి మళ్లీ ముట్టు వచ్చేదాకా 21 నుంచి 35 రోజులు పడుతుంది. నాలుగు రోజులు అటూ ఇటూ అయితే కంగారు పడనక్కరలేదు. మెదడు, అండాశయాలు, గర్భసంచి, ఈ మూడింటిలో ఎక్కడ తేడా వచ్చినా ముట్టు ఆగవచ్చు.

మొదట చూడవలసింది గర్భమే

కాపురం చేస్తున్న స్త్రీకి నెల తప్పితే ముందుగా గర్భం ఉందో లేదో తేల్చుకోవాలి. ఇందుకు "నిశ్చయ్" అనే పరీక్ష పెట్టె ఉంది. ఆశా కార్యకర్త దగ్గరగానీ ఆరోగ్య కేంద్రంలోగానీ అడగండి. పొద్దున లేవగానే పోసిన మూత్రం రెండు మూడు చుక్కలు వేసి, ఐదు నిమిషాలు ఆగి చూడాలి. రెండు గీతలు వస్తే గర్భం ఉన్నట్లు. ఒకటే గీత వస్తే లేనట్లు. ఒక్కోసారి మరీ తొందరగా చూస్తే తెలియదు. కనుక ఒకటే గీత వచ్చినా ముట్టు రాకపోతే, వారం ఆగి మళ్లీ చూసుకోవాలి.

గర్భమని తేలి, బిడ్డ కావాలనుకుంటే వెంటనే నర్సమ్మ దగ్గర పేరు రాయించుకోండి. బిడ్డ ఇప్పుడు వద్దనుకుంటే దానికీ చట్టం ప్రకారం దారి ఉంది. 1971లో వచ్చి 2021లో సవరించిన చట్టం ప్రకారం, చట్టంలో చెప్పిన కారణాలకు 20 వారాల లోపు గర్భాన్ని అర్హతగల డాక్టరు, అనుమతి ఉన్న ఆసుపత్రిలో తీసివేయవచ్చు. వాడిన పద్ధతి విఫలమై వచ్చిన గర్భం కూడా ఆ కారణాలలో ఒకటి. 18 ఏళ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి చాలు. భర్త సంతకం కావాలని చట్టంలో లేదు. విషయం గుట్టుగా ఉంచుతారు. ఎంత తొందరగా వెళితే అంత సులువు, అంత క్షేమం.

పాలిచ్చే తల్లికి

"పాలిస్తున్నాను, ముట్టు కాలేదు, నాకేం భయం?" అనుకునే తల్లులు చాలామంది. ఇది సగమే నిజం. పాలివ్వడం వల్ల గర్భం రాకుండా ఉండాలంటే మూడు షరతులున్నాయి. బిడ్డకు ఆరు నెలలు నిండి ఉండకూడదు. పగలూ రాత్రీ తల్లిపాలే ఇస్తూ ఉండాలి, పైపాలుగానీ వేరే తిండిగానీ పెట్టకూడదు. కాన్పు తర్వాత ముట్టు రాకుండా ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా గర్భం రావచ్చు.

ఇంకొక సంగతి. అండం ముందు విడుదలవుతుంది, ముట్టు ఆ తర్వాత వస్తుంది. కనుక కాన్పు తర్వాత ఒక్కసారి కూడా ముట్టు కాకుండానే మళ్లీ నీళ్లోసుకోవచ్చు. ముట్టు వచ్చాక చూద్దాంలే అని ఆగవద్దు. కాన్పు అయిన 48 గంటల లోపే కాపర్ టి వేయించుకోవచ్చు. అంతర సూది ఆరు వారాల తర్వాత వేయించుకోవచ్చు. మాలా ఎన్ మాత్రలు మాత్రం పాలిచ్చే తల్లి ఆరు నెలల దాకా వాడకూడదు.

పద్ధతులు వాడేవారికి

అంతర సూది మూడు నెలలకొకసారి వేస్తారు. ఏడాదిపాటు వేయించుకున్నవారిలో దాదాపు సగం మందికి ముట్టు ఆగిపోతుంది. చెడు రక్తం లోపల గడ్డకట్టిందని భయపడవద్దు. పొర పెరగలేదు, కాబట్టి రాలడానికీ ఏమీ లేదు. సూది మానేస్తే ముట్టు తిరిగి వస్తుంది. కాకపోతే గర్భం రావడానికి చివరి సూదినుంచి ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు.

ఛాయ మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి వేసుకోవాలి. ఇది వాడేవారికి కొందరికి ముట్టు ఆలస్యమవుతుంది. పదిహేను రోజులు దాటితే గర్భ పరీక్ష చేసుకోవాలి. మాలా ఎన్ వాడేటప్పుడు మాత్రలు మరిచిపోయి, ఆ నెల ముట్టు కూడా రాకపోతే పరీక్ష తప్పనిసరి. కాపర్ టి వల్ల ముట్టు ఆగదు. అది ఉండగా నెల తప్పితే వెంటనే చూపించుకోవాలి.

ఆపరేషన్ అయినవారికి

ట్యూబెక్టమీలో గొట్టాలను మాత్రమే కట్టివేస్తారు. గర్భసంచి, అండాశయాలు అట్లాగే ఉంటాయి. కనుక ముట్టు యథాప్రకారం వస్తుంది. ఆపరేషన్ విఫలం కావడం అరుదు, కాని జరగదని కాదు. ఆపరేషన్ అయినామెకు నెల తప్పితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. అలాంటి గర్భం ఒక్కోసారి గర్భసంచిలో కాక గొట్టంలో పెరుగుతుంది. అది పగిలితే ప్రాణాపాయం.

మగవారికి చేసే వేసెక్టమీ తర్వాత మూడు నెలలదాకా వీర్యంలో బీజాలు మిగిలి ఉండవచ్చు. ఆ మూడు నెలలూ నిరోధ్ వాడాలి. ఆ తర్వాత వీర్య పరీక్ష చేయించి, బీజాలు లేవని తేలాకే నిశ్చింతగా ఉండాలి. ఈ సంగతి తెలియక, పరీక్షకు పోకుండా, భార్యకు నెల తప్పగానే ఆమె శీలాన్ని శంకించి సంసారం పాడుచేసుకోవడం అన్యాయం. తమ్ముడూ, ముందు నీ పరీక్ష చేయించుకో.

గర్భం కాకపోతే?

ఒంట్లో బలం తగ్గితే శరీరం ముట్టును ఆపుతుంది. సరైన తిండి లేక బాగా చిక్కిపోయినా, తీవ్రమైన రక్తహీనత ఉన్నా, పెద్ద జబ్బు చేసినా నెల తప్పవచ్చు. మితిమీరి లావెక్కినా తప్పుతుంది. ఇంట్లో చావు, అప్పుల బాధ, పంట పోవడం వంటి మనోవ్యథకు కూడా ముట్టు ఆగడం ఉంది. థైరాయిడ్ గ్రంథి జబ్బు, గర్భసంచికి సోకిన క్షయ, అండాశయాల్లో నీటిబుడగల సమస్య, కొన్ని రకాల మందులు ఇతర కారణాలు. బిడ్డ లేకుండానే రొమ్ములనుంచి పాలు కారుతుంటే, లేదా కాన్పులో రక్తం విపరీతంగా పోయి ఆ తర్వాత పాలు పడక, ముట్టు రాక, నీరసంగా ఉంటే మెదడు గ్రంథిలో లోపం ఉండవచ్చు. వీటన్నింటికీ వైద్యం ఉంది.

ఎప్పుడూ సక్రమంగా అయ్యే ముట్టు మూడు నెలలు రాకపోతే డాక్టరుకు చూపించండి. 15 ఏళ్లు నిండినా పెద్దమనిషి కాని ఆడపిల్లను కూడా చూపించాలి.

ముట్లుడిగే వయసు

సాధారణంగా 45, 50 ఏళ్ల ప్రాంతంలో ముట్టు నిలిచిపోతుంది. పూర్తిగా ఏడాదిపాటు రాకపోతేనే నిలిచినట్లు. 50 దాటినవారు ముట్టు ఆగాక ఒక ఏడాది, దాటనివారు రెండేళ్లు గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. 40 ఏళ్ల లోపే ఆగినా, ఆగిన ఏడాది తర్వాత మళ్లీ రక్తం కనబడినా తప్పక పరీక్ష చేయించుకోవాలి.

"పిల్లలు పుట్టారుగా, ఇంకా గర్భసంచి దేనికి?" అని తీయించుకోవడం మన పల్లెల్లో ఎక్కువైంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 9 మందికి, తెలంగాణలో దాదాపు 8 మందికి గర్భసంచి తీసివేశారు. తెల్లబట్టకో, నడుంనొప్పికో ఇంత పెద్ద ఆపరేషన్ అక్కరలేదు. ఒకరు తీయాలంటే ఇంకొక డాక్టరును కూడా అడగండి.

చేయకూడని పనులు

ముట్టు తెప్పించడానికి చిత్రమూలం వేరు, జిల్లేడు పాలు, పుల్లలు వాడవద్దు. వీటివల్ల చీము పట్టి, రక్తస్రావమై తల్లులు చనిపోతారు. బతికినా గర్భసంచి లోపలి పొర దెబ్బతిని, ముట్టే రాకుండా, మళ్లీ బిడ్డ కలగకుండా పోవచ్చు. మందుల షాపులో అడిగి మాత్రలు కొనుక్కోవడం, గర్భం ఉన్నదీ లేనిదీ తెలియకుండా సూదులు వేయించుకోవడం కూడా ప్రమాదమే.

నెల తప్పిన స్త్రీకి పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, కొద్దికొద్దిగా రక్తం కనబడటం, వీటిలో ఏది ఉన్నా తెల్లవారనీ అని ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో క్యాలెండరు మీద ముట్టు వచ్చిన తేదీకి చుట్టూ ఒక గీత గీసి ఉంచండి. ఆ ఒక్క గీత డాక్టరుకు సగం సంగతి చెబుతుంది. అన్నా, ఆ తేదీ గుర్తుంచుకోవడం భార్య పని మాత్రమే కాదు, నీది కూడా. నెల తప్పినప్పుడు ఇద్దరూ కలిసి ఆరోగ్య కేంద్రానికి రండి.