బిడ్డ కాలికి మంచి బూట్లు: షోకా, హక్కా?

ప్రతి ఏడాదీ బడులు తెరిచే జూన్ నెలలో పెనుకొండ, హిందూపురం, ధర్మవరం బజార్లలో ఒక చిన్న పంచాయితీ నడుస్తుంది. చెప్పుల అంగడి ముందర తల్లీ కొడుకూ నిలబడి ఉంటారు.

"మ్మా, ఇయి కొనిస్తావా?"

"ఎంతంట?"

"మూడు వేలు."

"మూడు వేలా! అంతట్లో నెల సంగటికి గింజలొస్తాయి కద నాయనా. ఏడాది తిరిగేలోగా నీ కాలు పెరగదా?"

"మా క్లాసులో అందరికీ ఉండాయి."

మన పేటల్లో ఈ మాటలు వినని ఇల్లు తక్కువ. తల్లి చెప్పేదాంట్లో న్యాయముంది. కొడుకు అడిగేదాంట్లోనూ న్యాయముంది. ఇది ఇంటి ఖర్చు సంగతి మాత్రమే అయితే ఈ పేజీల్లో రాయాల్సిన పని లేదు. కానీ ఈ దేశంలో చెప్పు ఎన్నడూ వట్టి చెప్పు కాదు. ఎవరు కుట్టాలి, ఎవరు తొడగాలి, ఎవరు ఎవరి ముందర విడవాలి అన్నది కులమే నిర్ణయించింది. అందుకే మాదిగ ఇంటి పిల్లవాడు బూట్లు అడిగినప్పుడు "నీకెందుకురా ఆ షోకు?" అనే ముందు ఒక్క క్షణం ఆగమని మా మనవి.

కుట్టినోళ్ల కాళ్లు

మన తాతలు లందల్లో తోళ్లు ఊనారు. తంగేడు చెక్క, కరక్కాయ, సున్నం వాళ్ల రసాయన శాస్త్రం. ఆరె, రంపె వాళ్ల పనిముట్లు. కపిల బావికి తోలు బాన, ఎద్దుల మెడకు పట్టెడ, రైతు కాళ్లకు కిర్రు చెప్పులు, ఊరి దేవరకు డప్పు, అన్నీ ఆ చేతుల్లోంచే వచ్చినాయి. తోలు లేకుంటే రాయలసీమ మెట్ట భూముల్లో బావి నీళ్లు పైకొచ్చేవి కావు. దానికి ప్రతిఫలం కళ్లంలో కొలిచి పోసే మేర గింజలు. ఎన్ని గింజలన్నది కుట్టినవాడు కాదు, తొడిగినవాడు చెప్పేవాడు.

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు వచ్చి ఇక్కడ్నుంచి ఏలారు. కోటను, గగన్ మహల్‌ను చూసి పోయేవాళ్లకు రాజుల పేర్లు వరసగా చెప్తారు. ఆ గుర్రాల జీనులకు తోలు ఊనినదెవరు, సైనికుల చెప్పులు కుట్టినదెవరు అని అడిగితే జవాబుండదు. ధర్మవరం పట్టు చీర నేసే ఆడమనిషి ఒంటిమీద ఆ చీర ఉండనట్లే, చెప్పు కుట్టిన మనిషి కాలికి ఆ చెప్పు ఉండేది కాదు. కాకుంటే ఒక తేడా ఉంది. నేతగత్తెకు చీర కొనే స్తోమత లేకపోయింది. మనకు స్తోమత ఉన్నా తొడిగే అనుమతి లేకపోయింది. పెద్దిళ్ల వీధిలో నడిచేటప్పుడు చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి, చంకలో పెట్టుకోవాలి. ఈ కట్టడి మన అవ్వాతాతలకు ఎవరూ కాగితం మీద రాసి చూపలేదు, ఒళ్లు వాతలు తేలేలా నేర్పారు.

ఇదే ప్రాంతంలో ఇంకో వింత చూడండి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలు మీద బొమ్మలు గీసి ఆడించే కళాకారులున్నారు. వారిలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవం న్యాయమైనది, మేమూ సంతోషించాము. తోలు మీద రాముడి బొమ్మ గీస్తే అది కళ, గోడమీదికెక్కుతుంది. అదే తోలుతో చెప్పు కుడితే అది మైల, గడప బయటే ఉండాలి. కాబట్టి మైల తోలుకు పుట్టింది కాదు, దాన్ని పట్టే చేతికి కులం అంటించింది.

చట్టంలో చెప్పు

బట్ట, నగ, చెప్పు మీద కట్టడి పెట్టడం ఏదో ఒక ఊరి మొరటుతనం కాదు, అది కుల వ్యవస్థ పనిచేసే పద్ధతి. మనిషిని చూడగానే కులం తెలియాలి, అంతే దాని కోరిక. అంబేద్కర్ 1936లో అచ్చేసిన 'కుల నిర్మూలన'లో ఇండోర్ ప్రాంతపు బలాయీల సంగతి చెప్పారు. జరీ అంచు తలపాగా చుట్టగూడదు, ఆడవాళ్లు బంగారు వెండి నగలు పెట్టగూడదు అని వాళ్లమీద పై కులాలు ఆంక్షలు పెట్టాయి. అంతకుముందు 1927 డిసెంబరులో మహద్‌లో ఆయన ఆడవాళ్లతో మాట్లాడుతూ, అంటరానివాళ్లని గుర్తుపట్టేలా ఉండే చీరకట్టునూ నగలనూ మానుకోమన్నారు. ఆయన సూటూ బూటూ తొడిగింది కూడా ఈ లెక్కలోనే చూడాలి. దాన్ని దొరల అనుకరణ అన్నవాళ్లకు ఆ గుర్తు చెరపడం ఎంత కష్టమో తెలియదు.

ఇదంతా పాత కథ అనుకునేవాళ్ల కోసం చట్టం మాటే చెప్తాము. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. ఆ సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దళితులు, ఆదివాసీలు బహిరంగ స్థలాల్లో పాదరక్షలు, కొత్త బట్టలు తొడగకుండా, సైకిలు, మోటారు సైకిలు ఎక్కకుండా అడ్డుకోవడాన్ని అది నేరం చేసింది. మనిషి మెడలో చెప్పుల దండ వెయ్యడం కూడా నేరమే. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. అంటరానితనం రద్దయిందని 17వ అధికరణం 1950 నుంచీ చెప్తున్నా, ఇంత కాలానికి పార్లమెంటు చెప్పుల సంగతి విడిగా పేరు పెట్టి రాయవలసి వచ్చింది. 2023 డిసెంబరులో తమిళనాడు తిరుప్పూరు జిల్లా రాజావూరులో, అంతవరకూ చెప్పులతో అడుగు పెట్టనివ్వని వీధిలో, దళితులు గుంపుగా చెప్పులు తొడిగి నడిచారు. నడవడమే ఉద్యమమైంది.

ఇప్పుడు అంగడి ముందర నిలబడ్డ పిల్లవాడి దగ్గరికి వద్దాం. "నీకెందుకురా" అన్న మాట వాడికి తల్లి నోటి నుంచి వచ్చినా, ఆ మాట మొదట పుట్టింది పెద్దింటి అరుగు మీద. తల్లి డబ్బుల్లేక అంటుంది. అరుగు అర్హత లేదని అంది. పిల్లవాడికి రెండూ ఒకటే మాటగా వినబడతాయి. కాబట్టి డబ్బుల్లేవని చెప్పండి, లెక్క చూపించండి. నీకు తగదు అని మాత్రం అనకండి.

కాలు ఏమడుగుతుంది

గౌరవం సంగతి అట్ల పెట్టి, కాలు సంగతి చూద్దాం. మంచి బూట్లు షోకు అనేవాళ్లు సీమ చేన్లలో నడిచి చూడాలి. సర్కారు కంప ముల్లు పలచని రబ్బరు చెప్పును దూసుకొని కాల్లోకి దిగుతుంది. ఎండాకాలం నేల కాలుతుంది. పాము కాట్లలో ఎక్కువ భాగం పాదం, పిక్క మీదే పడతాయి. ఒట్టి కాళ్లతో తడి మట్టిలో నడిస్తే కొంకి పురుగు పిల్లలు పాదం చర్మం గుండానే ఒంట్లోకి చేరి రక్తం తాగుతాయి. మన ఆడపిల్లల్లో రక్తహీనత అంటే తిండి తక్కువ అనే అనుకుంటాము, కాలికి చెప్పు లేకపోవడం కూడా దాంట్లో ఒక పాలు.

పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఏ పెద్ద కార్ఖానాలోనైనా యంత్రం దగ్గర పనిచేసే కార్మికుడి కాలికి గట్టి బూట్లను రక్షణ సామగ్రి అంటారు. గేటు బయట చేన్లో కలుపు తీసే కూలి మనిషి అవే అడిగితే షోకు అంటారు. రెండు చోట్లా కాలు ఒకటే.

పద్నాలుగేళ్ల బిడ్డ కాలికి ఇంకో లక్షణముంది. ఆ వయసులో ఒంటికన్నా ముందే పాదం పెరుగుతుంది. ఆడపిల్లలకు సుమారు పదమూడు, పద్నాలుగేళ్లకు, మగపిల్లలకు పదిహేను, పదహారేళ్లకు పాదం పెరుగుదల చాలామటుకు ఆగుతుంది, కొందరికి ఇంకొంత ఆలస్యమవుతుంది. అంతవరకూ ఈ జూన్‌లో సరిపోయిన బూటు వచ్చే సంక్రాంతికి బిగుతు కావచ్చు. బిగుతు బూటుతో గోరు లోపలికి పెరగడం, వేళ్లు వంకర పోవడం, కాయలు కాయడం మొదలవుతాయి. "పెరుగుతాడు లే" అని రెండు సైజులు పెద్దది కొంటే మడమ జారి పొక్కులొస్తాయి, పరుగులో కాలు మడతపడుతుంది.

కొనేటప్పుడు చూసుకోవలసినవి ఇవి. సాయంత్రం పూట కొలవండి, పగలంతా నడిచిన కాలు కొద్దిగా ఉబ్బి ఉంటుంది. బిడ్డను కాగితం మీద నిలబెట్టి రెండు పాదాల చుట్టూ గీత గీయండి. రెండూ సమానంగా ఉండవు, పెద్దదాని లెక్కే తీసుకోండి. పొడవాటి వేలి ముందర బొటనవేలి వెడల్పంత, అంటే ఒక సెంటీమీటరు పైచిలుకు జాగా ఉండాలి. మడమ భాగాన్ని వేళ్లతో నొక్కితే లొంగిపోగూడదు. బూటు ముందు భాగంలో, వేళ్లు వంగే చోటే వంగాలి, నడుమ మడతపడితే అది పనికిరాదు. అట్టను అంటించి ఊరుకున్నారా, కుట్టు కూడా వేశారా చూడండి. లేసు ఉన్నదయితే కాలు కొంత పెరిగినా సర్దుకోవచ్చు. ఈ పరీక్షలన్నీ నెగ్గే జత వెయ్యి, పదిహేను వందల్లో దొరకవచ్చు. మూడు వేల జత వీటిలో ఓడిపోనూవచ్చు.

మూడు వేలు ఎక్కడికి పోతాయి

2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన మూడు వేల బూట్లంటే తల్లి పది దినాల ఒళ్లు. పిల్లవాడికి ఈ లెక్క తెలియాలి, సిగ్గుపెట్టడానికి కాదు, ఇంటి మనిషిగా.

ఆ మూడు వేలూ నాణ్యతకే పోవు. 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2500 రూపాయల దాకా పాదరక్షల మీద జీఎస్టీ 5 శాతం, ఆ పైన 18 శాతం. అంటే మూడు వేలు పెడితే దాంట్లో దాదాపు 450 రూపాయలు పన్నే. ఇక ప్రకటనలు, ఆటగాళ్ల బొమ్మలు, అద్దాల షాపు అద్దెలు, బూటు పక్కన కుట్టిన ఆ చిన్న గుర్తు. తిరుపతి జిల్లా తడ మండలం మాంబట్టులో అపాచీ కార్ఖానాలో అడిడాస్ బూట్లు తయారవుతాయి. కుట్టేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. లంద నుంచి కార్ఖానాకు మారినా, కుట్టిన చెయ్యి వేరు, ధర చెప్పే నోరు వేరు. ఆ పాత కథ మారలేదు.

అలాగని అతి చవక కూడా లాభం కాదు. ఏడు వందల జత నాలుగు నెలలకు అట్ట ఊడిందనుకోండి, ఏడాదికి మూడు జతలు, 2100 రూపాయలు. పదిహేను వందల జత ఏడాది వస్తే ఆరు వందలు మిగిలినట్లే. పేదరికం మనల్ని ఎక్కువ ఖర్చు పెట్టించేది ఇట్లనే, ఒకేసారి పదిహేను వందలు చేతిలో ఉండవు కాబట్టి.

మిత్రులతో ఒక మాట

వామపక్ష మిత్రులు కొందరు దీన్నంతా మార్కెట్ మాయ అని కొట్టిపారేస్తారు. మాయ ఉన్నమాట నిజమే. కానీ ఏడు తరాలు చెప్పు లేకుండా నడిపించబడిన వాళ్లకు త్యాగం గురించి పాఠం చెప్పే ముందు, మీ పిల్లల కాళ్లకు ఏముందో చూసుకోమంటాము. ఇటు మనవాళ్లతోనూ ఒక మాట చెప్పాలి. హిందూపురం నుంచి బెంగుళూరు కాలేజీలకు పోయే మన పిల్లలు కొందరు కులం దాగుతుందని బ్రాండు బూట్లు కొంటున్నారు. అది దాగదు. బూటు చూసి ఊరుకున్నవాడు రేపు ర్యాంకు అడుగుతాడు, ఇంటిపేరు అడుగుతాడు, ఏ కోటా అని అడుగుతాడు. అప్పు చేసి కొన్న గుర్తు వెనక దాక్కోవడం చెప్పు కింద తేలులా బతకడానికి ఇంకో రూపమే. మంచి బూటు తొడిగేది నిలబడడానికి, దాక్కోవడానికి కాదు.

మరి కొనాలా, వద్దా? మా అభిప్రాయం ఇది. కాలు పెరిగే వయసులో కొలతకు సరిపోయి గట్టిగా ఉండే నడిమి ధర జత కొనండి, ఆరు నెలలకొకసారి మళ్లీ కొలవండి. పెరుగుదల ఆగినాక, ఇంటికి వీలైతే, నాలుగేళ్లు వచ్చే మంచి జత ఒకటి కొనండి, అది దుబారా కాదు. పరుగుపందెంలోనో కబడ్డీలోనో ముందుకు పోయే బిడ్డ అయితే ఆ ఆటకు తగిన బూట్లు పుస్తకాలతో సమానం. కొడుక్కి కొన్ననాడే కూతురికీ కొనండి. మన ఇళ్లల్లో ఆడపిల్ల కాలికి చెప్పు ఎప్పుడూ చివరనే వస్తుంది.

ఇంటి బయట చేయవలసిందీ ఉంది. ప్రభుత్వ బడుల పిల్లలకు 2020లో మొదలైన విద్యాకానుకలో బూట్లు, సాక్సులు ఇచ్చారు. 2025లో విద్యార్థి మిత్ర పేరుతో ఇచ్చిన కిట్లలోనూ అవి ఉన్నాయి. ఇచ్చారా లేదా అన్నదగ్గరే మనం ఆగిపోతున్నాము. కొలత తీసుకొని ఇచ్చారా, సైజు తప్పితే మార్చారా, ఎన్ని నెలలు నిలిచాయి అని బడి కమిటీల్లో అడగాలి. సంక్షేమ హాస్టళ్లలో ఉపాధ్యాయ మిత్రులు ఒక సాయంత్రం పిల్లల పాదాలు కొలిచి చూస్తే చాలు, ఎంతమంది బిగుతు బూట్లతో నడుస్తున్నారో బయటపడుతుంది. ఆ కాగితాలే మన అర్జీ.

చెప్పుల అంగడి ముందర తల్లీ కొడుకూ ఇంకా నిలబడే ఉన్నారు. ఏ జత కొంటారన్నది వాళ్ల ఇష్టం. కొన్న జతను ఊరి నడివీధిలో తొడుక్కొనే నడవాలి, ఎవరి గడప ముందరా విడవగూడదు. ఆ మాట మాత్రం ఆ తల్లి బిడ్డకు చెప్పి తీసుకుపోవాలి.