సీలింగు ఫ్యాను బిగింపు

సీలింగు ఫ్యాను బిగింపు అనగా ఇంటి పైకప్పుకు విద్యుత్ పంకాను వేలాడదీసి, దానికి విద్యుత్ సరఫరాను కలిపే పని. భారతదేశంలో ఇళ్ళలో ఎక్కువగా కనిపించే 1200 మిల్లీమీటర్ల (48 అంగుళాల) ఫ్యాను సుమారు 4 నుండి 6 కిలోల బరువు ఉంటుంది. తిరిగేటప్పుడు ఈ బరువుకు కంపనం తోడవుతుంది. కాబట్టి ఈ పనిలో విద్యుదాఘాతం ఎంత ప్రమాదమో, కొన్నేళ్ళ తరువాత ఫ్యాను ఊడిపడటం కూడా అంతే ప్రమాదం. మొదటిదానికి అందరూ భయపడతారు. రెండవదానిని అంతగా పట్టించుకోరు.

కొక్కెం

స్లాబు పోసేటప్పుడే ఇనుప కడ్డీని వంచి చేసిన కొక్కెమును లోపలి ఊచలకు కట్టి ఉంచుతారు. పెంకుటిళ్ళలో దూలమునకు క్లాంపు బిగిస్తారు. తుప్పు పట్టి సన్నబడిన కొక్కెమునకు రంగు వేసి వాడకూడదు. సముద్రతీర ప్రాంతాలలోను, పైకప్పు కారే ఇళ్ళలోను దీనిని ముఖ్యంగా పరిశీలించాలి. అటువంటి చోట యాంకర్ ఫాస్టెనర్లతో కొత్త కొక్కెం అమర్చాలి. జిప్సం ఫాల్స్ సీలింగు ఫ్యాను బరువును మోయలేదు. ఫ్యాను దానిపైనున్న స్లాబు నుండే వేలాడాలి.

వేలాడదీయుట

ఫ్యాను గొట్టం పై చివరనున్న షాకిల్‌లో ఒక రబ్బరు చక్రం ఉంటుంది. ఆ చక్రం కొక్కెం మీద ఆనేలా ఉంచి, షాకిల్ గుండా బోల్టు దూర్చి నట్టు బిగిస్తారు. రబ్బరు లేకపోతే ఇనుము ఇనుముతో రాసుకొని అరుగుతుంది, చప్పుడు కూడా వస్తుంది. తరువాత బోల్టు చివరి రంధ్రంలో స్ప్లిట్ పిన్ను దూర్చి, దాని రెండు కాళ్ళను విడదీసి వంచాలి. కంపనం వలన నట్టు వదులైనా ఈ పిన్ను దానిని ఊడిపోనివ్వదు. గొట్టం క్రింది చివర మోటారుతో కలిసేచోట రెండవ బోల్టు, దానికి మరొక పిన్ను ఉంటాయి. పిన్ను పోయిందని తీగముక్క చుట్టి సరిపెట్టడం ప్రమాదకరం. పైగా గిన్నె మూసిన తరువాత ఆ లోపం ఎవరికీ కనిపించదు.

రెక్కలు నేలకు కనీసం 2.4 మీటర్ల ఎత్తున, పైకప్పుకు సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి.

విద్యుత్ సంధానం

గోడమీది స్విచ్చిని మాత్రమే ఆపి పని మొదలుపెట్టకూడదు. పాత వైరింగులో స్విచ్చి ఫేజుకు బదులు న్యూట్రల్‌కు కలిపి ఉంటే, స్విచ్చి ఆపినా పైన తీగలో విద్యుత్తు ఉంటుంది. మెయిను ఆపాలి. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మెయిను ఆపగానే ఇన్వర్టరు సరఫరా మొదలవుతుంది కనుక దానిని కూడా ఆపి, ఆపై టెస్టరుతో చూడాలి. పనిచేస్తున్న ప్లగ్గులో టెస్టరును ముందే పరీక్షించుకోవడం మంచిది. సాధారణంగా ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. అయితే పాత ఇళ్ళలో రంగులను నమ్మరాదు. ఫ్యానుకు ఎర్తు తీగ ఉంటే దానిని వదిలివేయరాదు.

కండెన్సర్ తీగలు తారుమారైతే ఫ్యాను వెనుకకు తిరిగి, గాలి క్రిందికి రాదు. బి.ఎల్.డి.సి. ఫ్యానులకు గోడ రెగ్యులేటరు పనికిరాదు. దానిని తప్పించి నేరుగా సరఫరా ఇవ్వాలి.

రెక్కలు

ఒక ఫ్యాను రెక్కలను కర్మాగారంలో బరువు సరిచూసి జతచేస్తారు. వేరే ఫ్యాను రెక్క కలిపితే సమతుల్యం చెడుతుంది. ఊగుతున్న ఫ్యానులో ప్రతి రెక్క కొనను ఒకే చోటికి తెచ్చి పైకప్పు నుండి దూరం కొలిస్తే, వంగిన రెక్క తెలిసిపోతుంది. కొలతలు సమానంగా ఉన్నా ఊగుతుంటే మెయిను ఆపి, గిన్నె దించి పై బోల్టును చూడాలి.