ఓపెన్ సోర్స్ డ్రైవర్లు: పరీక్షించే బాధ్యత ఎవరిది?

కొత్త ప్రింటరు తెచ్చి కంప్యూటర్‌కు తగిలిస్తే పనిచేయాలని అందరూ అనుకుంటారు. వైఫై, కెమెరా, నెట్‌వర్క్ కార్డు సంగతీ అంతే. పరికరానికీ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య దుబాసీలా పనిచేసే ప్రోగ్రామ్ పేరే డ్రైవర్. లినక్స్ కెర్నల్ కోడ్‌లో సగానికి పైగా ఇలాంటి డ్రైవర్లే. ఓపెన్ సోర్స్ కాబట్టి వాటిని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచుకోవచ్చు. మరి అవి సరిగా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించాల్సింది ఎవరు? ఎలా వాడాలో, ఎక్కడ ప్రమాదం ఉందో రాసిపెట్టాల్సింది ఎవరు? ఈ ప్రశ్నలు ఎంత ముఖ్యమైనవో 2008లో జరిగిన ఒక ఘటన చూపించింది.

మూగబోయిన నెట్‌వర్క్ కార్డులు

ఆ ఏడాది సెప్టెంబరులో లినక్స్ కెర్నల్ 2.6.27 విడుదలకు సిద్ధమవుతోంది. దాని పరీక్షా వెర్షన్లు వాడుతున్న కొందరి కంప్యూటర్లలో ఇంటెల్ గిగాబిట్ నెట్‌వర్క్ కార్డులు ఉన్నట్టుండి పనిచేయడం మానేశాయి. మామూలు సాఫ్ట్‌వేర్ లోపమైతే పాత వెర్షన్‌కు వెళ్తే సరిపోతుంది. ఇక్కడ అలా కుదరలేదు. కార్డు తన చిరునామాను, అమరికలను దాచుకునే శాశ్వత మెమరీలోని సమాచారమే చెడిపోయింది. ఆ సమాచారానికి ముందే నకలు తీసిపెట్టుకోని వారికి కార్డును బాగుచేసుకోవడం కష్టమైంది.

అనుమానం సహజంగానే ఆ కార్డులను నడిపే ఇ1000ఇ డ్రైవర్‌పై పడింది. ఉబుంటు తన పరీక్షా విడుదలలో ఆ డ్రైవర్‌ను నిలిపివేసింది. అక్టోబరు 9న 2.6.27 వెలువడే సరికి, శాశ్వత మెమరీలోకి ఎవరూ రాయకుండా తాళం వేసే మార్పును డ్రైవర్‌లో చేర్చారు.

చివరికి దోషి వేరే చోట దొరికింది. కెర్నల్ పనితీరును గమనించడానికి కొత్తగా చేర్చిన ఎఫ్‌ట్రేస్ అనే సదుపాయం, నడుస్తున్న కోడ్‌లోని కొన్ని సూచనలను మెమరీలోనే మారుస్తుంది. మార్చాల్సిన చిరునామాలను అది ముందే గుర్తుపెట్టుకుంటుంది. కానీ డ్రైవర్లలో మొదట ఒక్కసారి మాత్రమే అవసరమయ్యే కోడ్‌ను కెర్నల్ ఆ తర్వాత మెమరీ నుంచి తీసేస్తుంది. ఖాళీ అయిన అదే చిరునామాలో కొన్నిసార్లు నెట్‌వర్క్ కార్డు శాశ్వత మెమరీకి దారి ఏర్పడేది. ఎఫ్‌ట్రేస్ వాడిన ప్రాసెసర్ సూచన, పాత విలువ సరిపోలకపోయినా అక్కడున్న దాన్నే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీలో దీనివల్ల ఏ నష్టమూ లేదు. హార్డ్‌వేర్ విషయంలో మాత్రం ఆ రాత ఒక ఆజ్ఞ అవుతుంది. 2.6.27 వచ్చిన కొద్ది రోజులకే, 2.6.27.1లో ఎఫ్‌ట్రేస్‌లోని ఆ భాగాన్ని నిలిపివేశారు.

ఇందులో ఎవరి తప్పెంత? కార్డులను చెడగొట్టింది డ్రైవర్ కాదు. కానీ శాశ్వత మెమరీకి తాళం లేకపోవడం దాని లోటే. ఎఫ్‌ట్రేస్ రాసినవారు తమ పనిని పరీక్షించి ఉండవచ్చు. డ్రైవర్ రాసినవారూ అంతే. రెండూ కలిసినప్పుడు ఏమవుతుందో మాత్రం ఎవరి పరీక్షా చెప్పలేదు. ఆ లోపాన్ని అందరికంటే ముందు బయటపెట్టినవారు స్వచ్ఛందంగా పరీక్షా వెర్షన్లు వాడినవారు. నష్టపోయిందీ వారే.

పేరు ఉంటేనే పని

చూసే కళ్లు ఎక్కువగా ఉంటే లోపాలు దాగవని ఓపెన్ సోర్స్ ప్రపంచంలో ఒక నమ్మకం ఉంది. పదిమందిలో పాము చావదన్నది తెలుగు సామెత. డ్రైవర్ల విషయంలో రెండూ నిజమే. కోడ్‌ను లక్షమంది చదవవచ్చు. పరికరం చేతిలో ఉన్నవారు మాత్రమే దాన్ని నిజంగా పరీక్షించగలరు.

అందుకే లినక్స్‌లో ఒక్కో భాగానికి బాధ్యుల పేర్లతో ఒక జాబితా ఉంటుంది. దాని స్థితి కూడా అందులోనే రాసి ఉంటుంది. జీతం ఇచ్చి చూసుకుంటున్నారా, స్వచ్ఛందంగా చూసుకుంటున్నారా, లేక దిక్కులేనిదా అన్నది దాన్నిబట్టి తెలుస్తుంది. 2019లో ఫ్లాపీ డ్రైవర్‌ను లినస్ టోర్వాల్డ్స్ దిక్కులేనిదిగా నమోదు చేశారు. చూసుకుంటున్న వ్యక్తి దగ్గర పనిచేసే ఫ్లాపీ పరికరం లేకపోవడమే కారణం. తర్వాత మరొకరు ముందుకొచ్చి ఆ బాధ్యత తీసుకున్నారు. పరికరం లేకుండా బాధ్యత ఉండదన్న సూత్రం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

యంత్రాలూ కొంత పని పంచుకుంటున్నాయి. ఇంటెల్ నడిపే రోబో కొత్త మార్పులను ఆటోమేటిక్‌గా కంపైల్ చేసి చూస్తుంది. కెర్నల్‌సీఐ ప్రాజెక్టు వేర్వేరు ప్రయోగశాలల్లోని అసలు బోర్డులపై కెర్నల్‌ను బూట్ చేసి చూస్తుంది. అయినా లోకంలోని ప్రతి కార్డూ, ప్రతి చిప్పూ ఆ ప్రయోగశాలల్లో ఉండదు.

రాసిపెట్టని జ్ఞానం

చిప్‌లోని ఏ రిజిస్టర్ ఏం చేస్తుందో, ఎక్కడ తయారీ లోపం ఉందో అందరికంటే బాగా తెలిసేది తయారీదారుకే. ఆ పత్రాలు బయటికి రాకపోతే స్వచ్ఛంద ప్రోగ్రామర్లు పరికరాన్ని గమనిస్తూ, ఊహిస్తూ డ్రైవర్ రాయాలి. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల కోసం వచ్చిన నూవో డ్రైవర్ అలా పుట్టిందే. 2007లో కెర్నల్ డెవలపర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ కంపెనీల ముందు ఒక ప్రతిపాదన ఉంచారు. పరికరం వివరాలూ, సందేహాలు తీర్చే ఒక ఇంజనీరూ ఉంటే చాలు, డ్రైవర్ ఉచితంగా రాసిపెడతామన్నారు. అదే ఏడాది ఏఎండీ తన గ్రాఫిక్స్ చిప్‌ల పత్రాలను విడుదల చేయడం మొదలుపెట్టింది.

చిప్ సంగతి తయారీదారు రాయాలి. డ్రైవర్ అమరికలు, తెలిసిన లోపాలు డ్రైవర్ రాసినవారు రాయాలి. ఏ వెర్షన్‌లో ఏ పరికరం పనిచేస్తుందో డిస్ట్రిబ్యూషన్ ఇచ్చేవారు చెప్పాలి. ఏ వారంటీ లేదని జీపీఎల్ లైసెన్స్ ముందే చెబుతుంది. అది చట్టపరమైన రక్షణ మాత్రమే, ఈ పనులకు బదులు కాదు.

మనకెందుకు?

ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని భారత ప్రభుత్వం 2015లో విధానం ప్రకటించింది. ఐఐటీ మద్రాసు శక్తి ప్రాసెసర్లను, సీడాక్ వేగా ప్రాసెసర్లను రూపొందిస్తున్నాయి. కొత్త ప్రాసెసర్ చుట్టూ ఉండే ప్రతి భాగానికీ డ్రైవర్ కావాలి, పత్రం కావాలి, పరీక్షించే మనిషీ కావాలి. ఈ ఖర్చును చిప్ రూపకల్పనతో పాటే లెక్కవేయాలి.

పరికరాలు కొనే కార్యాలయమైనా, కళాశాలైనా ముందు మూడు విషయాలు అడగవచ్చు. డ్రైవర్ కెర్నల్‌లోనే ఉందా? దానికి బాధ్యులుగా ఎవరి పేరుంది? చిప్ పత్రాలు అందుబాటులో ఉన్నాయా? వాడేవారికీ ఒక పాత్ర ఉంది. సమస్య వస్తే కెర్నల్ వెర్షన్, పరికరం గుర్తింపు సంఖ్య, లాగ్ జతచేసి తెలియజేయాలి. సవరణ పనిచేస్తే పరీక్షించినవారి పేరు ఆ మార్పు చరిత్రలోనే నమోదవుతుంది. పరీక్షా వెర్షన్ వాడేముందు మాత్రం ముఖ్యమైన సమాచారానికి నకలు తీసిపెట్టుకోవడం మంచిది.